బాలింతకి నీళ్లు, పప్పు వద్దంటున్నారు. పథ్యంలో ఏది ఉంచాలి, ఏది మానాలి?

కాకినాడ_కాజా | సోమవారం, రాత్రి 10:50

సిజేరియన్ అయి వారం దాటిందండి. పాప మూడు కిలోలకి పైనే పుట్టింది, బాగా తాగుతోంది. గొడవంతా నా తిండితోనే.

పుట్టింట్లో ఉన్నాను. పొద్దున పాత బియ్యం అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. మధ్యాహ్నం బీరకాయో పొట్లకాయో, అదీ రసం లేకుండా ఇగిర్చి. రాత్రికి మళ్ళీ కారం అన్నమే. మధ్యలో శొంఠి, మిరియాలు, బెల్లం కలిపి చేసిన కాయం ఉండ. పప్పు తింటే కుట్లకి చీము పడుతుందట. పెరుగు, పండ్లు నేను తింటే పాపకి జలుబట. ఇక మంచినీళ్లయితే అన్నం తిన్నాక అరగ్లాసు, అవీ కాచి చల్లార్చినవి. "బాలింత నీళ్లు తాగితే ఒళ్ళు నీరు పడుతుంది, పొట్ట లోపలికి పోదు" అంటుంది అమ్మ. పాలిస్తుంటే నాలుక పిడచకట్టుకుపోతోంది. మూత్రం ముదురు పసుపు. విరేచనం సంగతి అడక్కండి. మొన్నటినుంచి తలనొప్పి కూడా.

అమ్మ మీద కోపం లేదండి. రాత్రుళ్ళు పాపని తనే భుజాన వేసుకుని తిరుగుతుంది, నాచేత చెంచా కూడా కడిగించదు. అందుకే ఎదురు చెప్పాలంటే నోరు రావట్లేదు. ఏవి ఒప్పుకోవచ్చు, ఏవి ఒప్పుకోకూడదు? అమ్మ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

---

రాత్రిబస్సు | సోమవారం, రాత్రి 11:05

మా ఆవిడ పురుటికి వెళ్ళినప్పుడు నా పని ఒక్కటే. శనివారం వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాగులో బత్తాయిలు, నీళ్ల సీసాలు పట్టుకెళ్ళడం. మా అత్తగారికి తెలుసనే నా అనుమానం. తొక్కలు ఎక్కడికి పోతున్నాయో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

---

లేబర్‌రూం_సిస్టర్ | సోమవారం, రాత్రి 11:12

కాజా, పథ్యం ముచ్చట తర్వాత. ముందు తలనొప్పి సంగతి చెప్పమ్మా. నేను కరీంనగర్ దిక్కు సర్కారు దవాఖానల పనిచేస్త, అందుకే అడుగుతున్న.

లేచి కూసుంటే ఎక్కువై, పండుకుంటే తగ్గుతున్నదా? అట్లయితే వెన్నుల ఇచ్చిన మత్తు సూదితోని వచ్చే నొప్పి కావచ్చు. ఎట్లున్నా ఒకటే తీరుగ ఉన్నదా? కండ్ల ముందట మసకగానీ, మిణుగురుల లెక్కగానీ కనవడుతున్నయా? పక్కటెముకల కింద, కడుపు మీది భాగంల నొప్పి ఉన్నదా? మొకం, చేతులు ఉబ్బినయా? డిశ్చార్జి అయినంక బీపీ ఎవరన్న చూసిన్రా?

---

కాకినాడ_కాజా | సోమవారం, రాత్రి 11:20

పడుకున్నా అంతే ఉందండి. సాయంత్రం నుంచి ఫోన్లో అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టు ఉన్నాయి, నిద్ర లేక అనుకున్నాను. ఉంగరం బిగుసుకుపోయింది. బీపీ ఇంటికొచ్చాక చూడలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఎప్పుడూ నార్మలే.

---

లేబర్‌రూం_సిస్టర్ | సోమవారం, రాత్రి 11:23

తెల్లారేదాకా ఆగకు. ఇప్పుడే పో. కాన్పు చేసిన దవాఖాన దగ్గరుంటే అక్కడికే, లేకుంటే 108కి ఫోన్ చెయ్యి. బాలెంతనని, తలనొప్పి, చూపు మసక అని పోంగనే చెప్పు. బిడ్డను, మీ అమ్మను వెంట తీస్కపో.

కడుపుతోని ఉన్నప్పుడు నార్మల్ ఉన్న బీపీ కాన్పు తర్వాత పెరగవచ్చు. మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా ఎక్కువ పెరుగుతది, ఆరు వారాల దాకా ఆ భయం ఉంటది. 140కి 90 దాటితే చాలు, చూపించుకోవాలె. మీదిది 160 గానీ, కిందిది 110 గానీ అయితే అప్పటికప్పుడు మందు పడాలె, లేకుంటే ఫిట్స్ రావచ్చు. నీళ్లు తాగి పండుకుంటే తగ్గేది కాదు. పోయినంక ఒక్క ముక్క రాయి.

---

సీమరేగడి | సోమవారం, రాత్రి 11:31

పొండి అక్కా, ఆలస్యం చేయొద్దండి. మా చిన్నమ్మకి ఇట్లనే అయితే నిద్ర లేక అని ఊరుకున్నారు. ఫిట్స్ వచ్చినాక ఆసుపత్రికి ఎత్తుకపోయినారు. బతికింది, ఇప్పుడు బాగుంది. ఆ రాత్రి మాత్రం మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

---

కాకినాడ_కాజా | మంగళవారం, పొద్దున 9:40

అందరికీ, ముఖ్యంగా సిస్టర్‌కి దండాలు. బీపీ 160కి 100 ఉంది. మూత్రంలో ప్రొటీన్ కనిపించిందన్నారు. అడ్మిట్ చేశారు. రాత్రి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించారు, ఒళ్ళంతా సెగలు కక్కినట్టయింది. ఇప్పుడు బీపీ దిగింది, మాత్రలు మొదలుపెట్టారు. పాప నా పక్కనే ఉంది, పాలు ఇవ్వచ్చన్నారు. అమ్మ బయట బల్ల మీద కూర్చుని నర్సుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తోంది.

పథ్యం ప్రశ్న అలాగే ఉంది. రెండు మూడు రోజుల్లో మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి కదా.

---

గుంటూరు_గోంగూర | మంగళవారం, మధ్యాహ్నం 2:15

అమ్మాయ్, గండం గడిచింది, సంతోషం. నాకు డెబ్బై దాటినై. ఇద్దరు కూతుళ్ళకీ ఒక కోడలికీ నా చేతుల మీదనే పురుళ్ళు పోశాను. మీ అమ్మ తరఫున నాలుగు ముక్కలు చెప్పనివ్వండి, ఇక్కడ అందరూ పెద్దవాళ్ళ మీద పడటానికి సిద్ధంగా ఉన్నట్టున్నారు.

మేము భయపడింది ఊరికే కాదు. మా చిన్నప్పుడు వీధికొక బాలింత పోయేది. చలీ జ్వరం వచ్చి, పిచ్చి మాటలు మాట్లాడి రెండ్రోజుల్లో కన్నుమూసేది. బాలింత సంధి అనేవాళ్ళు. ఒళ్ళు ఉబ్బి, కళ్ళు తేలేసి కొట్టుకుని పోయినవాళ్ళూ ఉన్నారు. డాక్టరు లేడు, బస్సు లేదు. చేతిలో ఉన్నది తిండీ, వేడీ, విశ్రాంతీ. వాటితోనే కాపాడుకోవాలని చూశాం. చెవుల్లో దూది, తలకి గుడ్డ, సాంబ్రాణి, నెల స్నానం దాకా గడప దాటనీయకపోవడం, అన్నీ ఆ భయంలోంచి వచ్చినవే.

అయితే మా ఇంట్లో నీళ్లు ఆపలేదు. వాము వేసి కాచి, చెంబు నిండా మంచం పక్కనే పెట్టేవాళ్ళం. నీళ్లు తాగనీయకపోవడం అన్ని ఇళ్ళలోనూ ఉన్న పద్ధతి కాదు. మీ అమ్మతో ఆ మాట నా మాటగా చెప్పు.

---

పిల్లల_వార్డు | మంగళవారం, రాత్రి 9:30

గోంగూర గారు చెప్పినదాంట్లోంచే మొదలుపెడతాను. విశాఖలో పిల్లల డాక్టర్ని.

ఆ సంధి జ్వరాలు చాలావరకు కాన్పు సమయంలో గర్భాశయంలోకి చేరిన ఇన్ఫెక్షన్లు. శుభ్రమైన చేతులు, యాంటీబయాటిక్‌లు వచ్చాక తగ్గాయి. ఉబ్బి, కొట్టుకుని పోయినవాళ్ళలో చాలామందికి కాజా గారికి వచ్చిన బీపీయే అయి ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు పోయేవాళ్ళు. 2018-20 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. అంటే ఆవిడ చూసిన చావులు నిజం, ఆ భయం నిజం. ఉబ్బుకి కారణం నీళ్లు అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. ఒళ్ళు నీరు పట్టినవాళ్ళని చూసి నీళ్లు తగ్గించడం ఎవరికైనా తోచే మార్గమే.

ఉబ్బుకి మన కోస్తాలో ఇంకో కారణం కూడా ఉండేది. దాని గురించి ఇప్పుడు పెద్దగా ఎవరూ మాట్లాడరు. బెరిబెరి, అంటే బీ1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు. బ్రిటిష్ కాలంలో ఉత్తర సర్కారులు, అంటే విశాఖ నుంచి గుంటూరు దాకా, మద్రాసు రాష్ట్రంలో బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. తమిళులు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తింటారు. ధాన్యాన్ని పొట్టుతో ఉడికించినప్పుడు బీ1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది. మనం మరపట్టిన పచ్చి బియ్యం తింటాం. దాన్ని నాలుగుసార్లు కడిగి, ఉడికించి, గంజి వార్చేస్తే మిగిలేది పిండి పదార్థమే. హైదరాబాద్‌ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో మెకారిసన్ అనే దొర కూనూరులో ఒక్క గదిలో పెట్టిన 'బెరిబెరి ఎంక్వైరీ' నుంచి పుట్టిందే. హైదరాబాద్‌కి వచ్చింది 1958లో. బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల చావుల మీద ఐక్రాయిడ్, కృష్ణన్ అనే పరిశోధకులు 1941లో ప్రత్యేకంగా రాశారు.

పిల్లలకి దీనితో సంబంధం ఏమిటంటే, తల్లి సరిగ్గా తినకపోయినా కాల్షియం తన ఎముకల్లోంచి పాలలోకి వెళ్ళిపోతుంది. బిడ్డకి లోటు రాదు, నష్టం తల్లికి. బీ1 అలా కాదు. తల్లి తింటేనే పాలలో ఉంటుంది. అందుకే బొద్దుగా, తల్లిపాలే తాగుతున్న రెండు మూడు నెలల బిడ్డ ఒక్కసారిగా గొంతు బొంగురుపోయి, ఏడుపు బయటికి రాక, ఎగశ్వాసతో గుండె ఆగే స్థితిలో వస్తాడు. న్యుమోనియా అనుకుంటాం. తల్లిని ఏం తింటున్నావని అడిగితే తెల్లన్నం, కారప్పొడి, అంతే అంటుంది. బీ1 ఇంజెక్షన్ ఇస్తే కొన్ని గంటల్లో బిడ్డ తేరుకుంటాడు. ఇది పాత కథ కాదు. ఇప్పటికీ మన దేశంలో అక్కడక్కడా చూస్తున్నాం.

కాబట్టి కాజా గారూ, మీ జాబితాలో నన్ను భయపెట్టేది కాయం కాదు, వెల్లుల్లి కారం కాదు. పప్పు లేకపోవడం. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. కుట్టు మానాలంటే ప్రొటీన్ కావాలి, అది శాకాహారుల ఇంట్లో ఎక్కువగా దొరికేది పప్పులోనే. బీ1 కూడా అందులో ఉంటుంది. పెసరకట్టుతో మొదలుపెట్టండి. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టమనండి. భోజనం అయ్యాక తాంబూలం ఇస్తుంటే అందులో వక్క తీసేయమనండి, వక్క బీ1ని పాడుచేస్తుంది. అన్నం మీద వెంటనే టీ కూడా అంతే.

---

చేబ్రోలు_చింతకాయ | మంగళవారం, రాత్రి 10:05

మీ గోదావరి జిల్లాల్లో బాలింతకి తెలగపిండి (నూనె తీశాక మిగిలే నువ్వుల చెక్క), మునగాకు కూర పెడతారు కదండీ? అది కూడా పథ్యమే. నువ్వుల చెక్కలో బీ1 ఉంటుందనే నేను చదివాను. డాక్టరు గారు చెప్పాలి.

---

పిల్లల_వార్డు | మంగళవారం, రాత్రి 10:20

ఉంటుంది. నువ్వుల్లో బాగానే ఉంటుంది, నూనె తీశాక చెక్కలో మిగులుతుంది. గానుగ చెక్క అయితే మంచిది. మునగాకు గురించి చెప్పేదేముంది. కోస్తా ఊళ్ళలో సొరచేప పుట్టు పెట్టడం కూడా మంచి పద్ధతే. పథ్యంలో పెట్టమన్న వాటిల్లో ముప్పాతిక మంచివే. నా తగువంతా వద్దన్న వాటితోనే.

---

మూలికల_మూట | బుధవారం, ఉదయం 7:10

ఆహా, మొత్తానికి కాయాన్ని వదిలిపెట్టారు, ధన్యవాదాలు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, బెల్లం, నెయ్యి. వేల ఏళ్ళ అనుభవం అది. ఇంగ్లీషు మందులవాళ్ళు ప్రతిదానికీ పరిశోధన చూపించమంటారు. మా ఇంట్లో ముగ్గురికి పెట్టాం, ఒక్కరికీ తలనొప్పి కూడా రాలేదు.

---

లేబర్‌రూం_సిస్టర్ | బుధవారం, ఉదయం 7:45

మూలికల అన్నా, కాయం తినొద్దని ఇక్కడ ఎవ్వరన్నరే? ఇంట్ల దంచిన శొంఠి, బెల్లం తింటే తిననీ, నోటికి రుచి ఉంటది. బజార్ల పేరు లేని డబ్బాల అమ్మేది మాత్రం వద్దు, అండ్ల ఏం కలుపుతరో తెల్వదు. ఇంకోటి, కాయం తింటున్న కదా అని ఐరన్ గోలీలు బంద్ చేస్తున్రు. నా గొడవ దాంతోని.

రెండు రాష్ట్రాలల్ల కడుపుతోని ఉన్నోళ్ళల్ల సగం కన్న ఎక్కువ మందికి రక్తం తక్కువున్నది. తెలంగాణల 53.2 శాతం, ఆంధ్రల 53.7, ఇది 2019-21 సర్వే లెక్క. కాన్పుల ఇంకింత రక్తం పోతది. అందుకే కాన్పు అయినంక 180 రోజులు రోజుకొక ఐరన్ గోలి, దాంతోటి రోజుకు రెండు క్యాల్షియం గోలీలు. రెండు ఒక్కపాలి మింగొద్దు, నడుమ రెండు గంటలన్న ఉండాలె. చాయతోని మింగొద్దు. దొడ్డికి నల్లగ వస్తే బుగులు పడొద్దు, గోలీ పనిచేస్తలేదని కాదు. "వేడి చేస్తయి" అని అత్తలు దాచిపెట్టిన గోలీల పట్టీలు ఆశా వర్కర్లు బియ్యం డబ్బాల దొర్కవట్టిన ముచ్చట్లు మస్తుగున్నయి.

ఆశా అంటే యాదికొచ్చింది. దవాఖానల కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆమె ఇంటికి రావాలె. వస్తే మీ అమ్మను పక్కన కూసోపెట్టి ఆమెతోనే చెప్పించు. కన్నబిడ్డ చెప్తే కోపమొస్తది, ఆశమ్మ చెప్తే వింటరు.

---

డాలస్_దోసకాయ | బుధవారం, ఉదయం 8:30

ఇక్కడ కాన్పయిన గంటకి నాకు ఐసు ముక్కలు వేసిన నీళ్లు ఇచ్చారు. మా అమ్మ మొహం చూడాల్సింది. నర్సు చేతిలోంచి గ్లాసు లాక్కోలేదంతే.

మా అమ్మకి నేను అడ్డు చెప్పలేదు, డాక్టరు చేత చెప్పించాను. తల్లి రోజుకి ముప్పావు లీటరు దాకా పాలిస్తుంది, అందులో నూటికి 87 పాళ్ళు నీరే, అది ఎక్కణ్ణుంచి రావాలి అని ఆవిడ అడిగింది. అమ్మ కాసేపు లెక్క వేసుకుంది. ఆ రోజు నుంచి జీలకర్ర నీళ్లు ఫ్లాస్కులో. చల్లనీళ్ల మీద ఇప్పటికీ రాజీ లేదు, నేనూ పట్టుబట్టలేదు. గోరువెచ్చనివైనా నీళ్లు నీళ్లే.

కాటుక విషయంలో మాత్రం నేను కదల్లేదు. ఇండియా నుంచి తెచ్చిన కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందని ఇక్కడ పిల్లల డాక్టర్లు అడిగి మరీ హెచ్చరిస్తారు. అమ్మ దిష్టిచుక్క బిడ్డ అరికాలికి పెట్టింది, అదీ ఇంట్లో చేసిన కాటుకతో.

---

సీమరేగడి | బుధవారం, ఉదయం 11:15

డాక్టరు సారూ, మా ఇంట్లో బిడ్డకి వస కొమ్ము అరగదీసి నాకిస్తాండారు, మాటలు బాగా వస్తాయని. తేనె గూడా. బిడ్డ కొంచెం పచ్చగా ఉంటే ఎండలో పెట్టమంటాండారు. ఇవి సరేనా?

---

పిల్లల_వార్డు | బుధవారం, మధ్యాహ్నం 1:50

తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే ఒక రకం బాక్టీరియా పసిపేగుల్లో విషం తయారుచేసి కండరాలు చచ్చుపడేలా చేస్తుంది. వస కూడా వద్దు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీటిచుక్క కూడా అక్కర్లేదు.

పసుపు విషయంలో ఎండని నమ్ముకోకండి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు అరికాళ్ళ దాకా పసుపు వచ్చినా, బిడ్డ మత్తుగా ఉండి తాగకపోయినా వెంటనే తీసుకురావాలి. రక్తపరీక్ష చేసి చూస్తాం. అవసరమైతే నీలి లైటు కింద పెడతాం. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది, చెవుడు రావచ్చు.

---

వేదిక_నిర్వాహకురాలు | బుధవారం, మధ్యాహ్నం 2:30

బిడ్డ పసుపు, ఉగ్గు, వస గురించి వేరే చర్చ తెరిచాను, ఆ ప్రశ్నలు అక్కడ అడగండి. ఇక్కడ బాలింత తిండి, ఆరోగ్యం వరకే. మూలికల_మూట గారి చివరి రెండు వ్యాఖ్యలు వ్యక్తిగతంగా ఉన్నందున తీసేశాం.

---

రాత్రిబస్సు | బుధవారం, సాయంత్రం 6:40

ఒక సందేహం. మా వదినకి మంచం కింద కుంపటి పెట్టి, తలుపులు కిటికీలు మూసేస్తున్నారు. చలికాలం, బిడ్డకి వెచ్చదనం అంటున్నారు.

---

లేబర్‌రూం_సిస్టర్ | బుధవారం, సాయంత్రం 7:05

కుంపటి ఇప్పుడే బయట పెట్టించుండ్రి! మూసిన అర్రల బొగ్గు పొగతోని తల్లీ బిడ్డ ఇద్దరు నిద్రలనే పోతరు, ఆ గ్యాసుకు వాసన గూడ ఉండదు. బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి రొమ్ముకు ఆనిచ్చి పైన దుప్పటి కప్పుండ్రి. బరువు తక్కువున్న పిల్లలను మేము దవాఖానల గంటల తరబడి గట్లనే పెట్టిస్తం.

---

కాకినాడ_కాజా | శుక్రవారం, సాయంత్రం 5:20

ఇంటికొచ్చామండి. బీపీ 130కి 84. మాత్రలు ఇంకొన్నాళ్ళు వాడమన్నారు, బీపీ మెషీన్ కొన్నాం, రోజూ రెండుసార్లు చూసి రాస్తున్నాను. తమ్ముడు గోడకి ఓ కాగితం అంటించాడు: తలనొప్పి, చూపు మసక, జ్వరం, గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, ఒక పిక్క ఉబ్బి నొప్పి, ఆయాసం, వీటిలో ఏదొచ్చినా ఆసుపత్రికే అని. కింద 108.

నేను అమ్మకి ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆసుపత్రిలో నర్సుని తనే అడిగింది, నీళ్ల వల్లే ఇలా అయిందా అని. నీళ్లకీ దీనికీ సంబంధం లేదమ్మా, తాగకపోతే పాలు, మూత్రం ఇబ్బంది అని ఆవిడ చెప్పింది. గోంగూర గారి మాట కూడా చదివి వినిపించాను. "గుంటూరు వాళ్ళు ఏమైనా చేస్తారు" అంది గానీ, వాము నీళ్ల చెంబు మంచం పక్కకి వచ్చింది. పెసరకట్టు మొదలైంది. నిన్న తెలగపిండి. గంజి వార్చడం మాత్రం మానలేదు, ఆ గంజి నాకే తాగిస్తోంది.

పెరుగు, పండ్లు ఇంకా రానివ్వట్లేదు. పోరాడాలా?

---

పిల్లల_వార్డు | శుక్రవారం, రాత్రి 9:00

గంజి తాగిస్తే ఇంకేం కావాలి, వార్చినా పోయింది లేదు. మీరు పాలు తాగుతుంటే పెరుగు కోసం ఇప్పుడే పోరాడక్కర్లేదు. పండు మాత్రం ఒక్కటైనా ఉండాలి. బొప్పాయి, అరటి మీద భయం ఎక్కువగా ఉంటే జామ, బత్తాయి అడగండి. గుడ్డు తింటారా?

---

కాకినాడ_కాజా | శుక్రవారం, రాత్రి 9:25

తింటానండి. అమ్మ పదకొండో రోజు పురుడు స్నానం అయ్యాక పెడతానంది, అది అయిపోయింది కూడా. రేపటినుంచి అడుగుతాను. రాత్రిబస్సు గారూ, మా ఆయన ఆదివారం వస్తున్నారు, ఆ బత్తాయిలు బ్యాగులో ఏ అరలో పెట్టేవారో చెబుతారా?

---

రాత్రిబస్సు | శుక్రవారం, రాత్రి 9:31

ఛార్జరు పెట్టే అర. నాలుగు పడతాయి.